ప్రేక్షకుడు లేని నాట్యం

ప్రాథమిక పాఠశాలలో నృత్యం నేర్పడమంటే తెలుగునాట చాలామందికి ఒకే ఒక రూపం గుర్తుకు వస్తుంది: వార్షికోత్సవం దగ్గరపడినప్పుడు ఒక పాటను ఎంచుకొని, ఆ పాటకు సరిపోతారని తోచిన ఎనిమిది పదిమంది పిల్లలను వేరుచేసి, మధ్యాహ్నం పాఠాలు మానిపించి, చరణానికొక కదలిక చొప్పున కంఠస్థం చేయించడం. ఈ పద్ధతిలో ఉపాధ్యాయుల శ్రమ ఉంది, పిల్లలకు సంతోషం ఉంది, తల్లిదండ్రులకు తమ బిడ్డను వేదికపై చూసుకొనే భాగ్యమూ ఉంది. అయినా దీనిని బోధన అనడం కష్టం, ఎందుకంటే బోధన తరగతిలోని అందరికీ చెందవలసినది. ఎక్కాలు బాగా వచ్చిన పదిమందికే లెక్కలు చెప్పి, తక్కినవారిని చప్పట్లు కొట్టడానికి కూర్చోబెట్టే బడిని ఎవరూ ఒప్పుకోరు. నృత్యం విషయంలో మాత్రం సరిగ్గా ఆ ఏర్పాటే ఎవరి అభ్యంతరమూ లేకుండా ఏటేటా సాగిపోతున్నది.

ఈ అసమానతకు మూలం ఉపాధ్యాయుల నిర్లక్ష్యంలో కంటే ప్రేక్షకుడి ఉనికిలో ఉన్నట్టు కనిపిస్తుంది. శాస్త్రీయ నాట్యానికి ప్రేక్షకుడు అవసరం. నాట్యశాస్త్రం ప్రయోగపు సిద్ధిని గురించి చెప్పేటప్పుడు చూసేవారి లక్షణాలను కూడా ప్రత్యేకంగా చర్చించింది. కానీ చూసేవాడు ఒకడు ఎదురుగా కూర్చున్న క్షణం నుంచి ఆటస్థలానికి ముందు, వెనుక అనేవి ఏర్పడతాయి, ముందు వరుసలో ఎవరు నిలబడాలన్న ప్రశ్న పుడుతుంది, బాగా చేసేవారు, రంగు బాగున్నవారు, ఖరీదైన దుస్తులు కుట్టించుకోగలవారు ముందుకూ తక్కినవారు వెనక్కూ జరుగుతారు. ఏడెనిమిదేళ్ళ పిల్లవాడు తన శరీరం గురించి బడి చెప్పిన తీర్పును ఆ వరుసలోనే మొదటిసారి వింటాడు. ప్రాథమిక పాఠశాలలో నృత్యపాఠాన్ని రూపొందించేవారు ప్రేక్షకుడిని పక్కన పెట్టి ఆలోచించడం మొదలుపెడితే, ఏమి నేర్పాలి, ఎలా నేర్పాలి, ఎవరు నేర్పాలి అన్న మూడు ప్రశ్నలకూ సమాధానాలు మారిపోతాయి.

మూడవ ప్రశ్న నుంచి ఆరంభించడం మేలు, ఎందుకంటే దానికి చట్టం ఒక విధంగా సమాధానం చెప్పివేసింది. 2009 నాటి విద్యాహక్కు చట్టపు షెడ్యూలులో కళావిద్యకు పార్ట్‌టైమ్ బోధకులను నియమించాలన్న నియమం ఉన్నది గాని, అది ఆరు నుంచి ఎనిమిది వరకు తరగతులకు, అదీ నూరుమందికి మించి పిల్లలున్న బడులకు మాత్రమే వర్తిస్తుంది. ఒకటి నుంచి అయిదు తరగతులకు అటువంటి బోధకుల ప్రస్తావన లేదు. మరోవైపు 2020 జాతీయ విద్యావిధానం కళలను పాఠ్యాంశాలతో కలపాలన్నది, 2023 పాఠశాల విద్యా ప్రణాళికా చట్రం కళావిద్యకు స్వతంత్ర స్థానాన్ని ఇచ్చింది, ఆ చట్రాన్ని అనుసరించి ఎన్‌సీఈఆర్‌టీ మూడవ తరగతికి ‘బాంసురి’ అనే కళల పాఠ్యపుస్తకాన్ని తెచ్చింది. ఈ రెంటినీ కలిపి చదివితే తేలేది ఒక్కటే: ప్రాథమిక తరగతిలో నృత్యపాఠం చెప్పవలసినది తెలుగు, గణితం, పరిసరాల విజ్ఞానం చెప్పే ఆ ఉపాధ్యాయుడే, అంటే గజ్జె కట్టిన అనుభవం లేని సెకండరీ గ్రేడ్ టీచరే. ఇది లోటేనని అనిపించడం సహజం. కాని వేదికను వదిలిపెట్టిన పాఠంలో చేసి చూపగల నర్తకుడి కంటే చూసి గమనించగల ఉపాధ్యాయుడి అవసరం ఎక్కువ.

కాలం లెక్క కూడా ఇక్కడ వేసుకోవాలి. అదే చట్టం ఒకటి నుంచి అయిదు తరగతులకు ఏడాదికి 200 పనిదినాలను, 800 బోధన గంటలను నిర్ణయించింది. వారానికి ఆరు రోజుల చొప్పున 200 రోజులు దాదాపు 33 వారాలు. వారానికొక్క నలభై నిమిషాల పీరియడును నృత్యానికి కేటాయించినా ఏడాదికి 22 గంటలు దాటవు. కూచిపూడి గ్రామంలో బాల్యం నుంచే గురువు ఇంట మొదలయ్యే శిక్షణకు ఈ 22 గంటలు ఏ మూలకూ చాలవు కాబట్టి, ఆ శిక్షణను కుదించి బడిలో ప్రవేశపెట్టే ప్రయత్నం ఆ కళకూ, పిల్లలకూ కూడా అన్యాయమే చేస్తుంది. అరమండిని, అంటే మోకాళ్ళను పక్కలకు తెరచి సగం కూర్చున్నట్టు నిలబడే భంగిమను, రోజూ దిద్దే గురువు లేకుండా చిన్నపిల్లలచేత బలవంతంగా పట్టించడం వల్ల మోకాళ్ళకు నష్టం తప్ప సొగసు రాదు. అభినయదర్పణం చెప్పిన 28 అసంయుత హస్తాలను, అంటే ఒకే చేతితో పట్టే ముద్రలను, పద్యంలాగా అప్పజెప్పించడం మరొక పొరపాటు. పతాకం, ముకుళం వంటి రెండు మూడు హస్తాలను తీసుకొని వాటితో ఎన్ని వస్తువులను చూపించవచ్చో పిల్లలనే వెతకమనడం ఆ గ్రంథం పట్ల ఎక్కువ గౌరవం. శాస్త్రీయ నృత్యం నిజంగా కావలసిన బిడ్డకు గురువును చూపించడం బడి బాధ్యతే, అయితే తరగతి గది గురుకులం కాదు.

ప్రేక్షకుడు అవసరం లేని నృత్యం తెలుగు దేశంలో కొత్తగా కనిపెట్టవలసినదేమీ కాదు. 13వ శతాబ్దంలో కాకతీయ గణపతిదేవుని గజసాహిణిగా, అంటే ఏనుగుల దళానికి అధిపతిగా ఉన్న జాయప సేనాని తన నృత్తరత్నావళిలోని ఎనిమిది అధ్యాయాలలో నాలుగింటిని మార్గ పద్ధతికి, అంటే శాస్త్రంలో స్థిరపడిన నృత్యానికి ఇచ్చి, తక్కిన నాలుగింటినీ దేశి పద్ధతికి, అంటే ఆయా ప్రాంతాల జనం ఆడుకొనే నృత్యాలకు కేటాయించాడు. రాజాస్థానంలో ఉన్న పండితుడు జనం ఆటలకు సగం పుస్తకం ఇవ్వడం చిన్న విషయం కాదు; పాఠశాల ప్రణాళికలు ఆ నిష్పత్తిని ఇప్పటికీ అందుకోలేదు. ఆ దేశి సంప్రదాయంలో కోలాటం, తెలంగాణలో బతుకమ్మ, కోస్తాలో సంక్రాంతి నెలలో గొబ్బెమ్మల చుట్టూ ఆడే గొబ్బి, ఇవన్నీ వలయాకారంలో సాగుతాయి. అరకు లోయలో గిరిజన మహిళలు ఒకరి నడుము వెనుక ఒకరు చేతులు పెనవేసుకొని ఆడే ధింసా కూడా గొలుసుకట్టుగా సాగుతూ వంపు తిరుగుతుంది.

వలయం పాఠానికి చేసే మేలు గురించి కొంత నిదానంగా ఆలోచించాలి. వలయంలో నిలబడిన పిల్లవాడికి ఎదురుగా ఉన్నవాడు తీర్పు చెప్పేవాడు కాడు, తనలాగే ఆడుతున్నవాడు; తనకు అడుగు తప్పితే సరిచూసుకోవడానికి ఎటు చూసినా ఒక నమూనా దొరుకుతుంది, కనుక తప్పినవాడు ఆగిపోకుండా మళ్ళీ కలుసుకోగలడు. వలయంలో ముందు వరుస లేదు, చివర లేదు, నాయకుడు పాట ఎత్తుకున్నా అతని స్థానం మిగిలినవారి స్థానం వంటిదే. ఉపాధ్యాయుడికి ముప్ఫైమంది పాదాలూ ఒకే చూపులో కనబడతాయి, ఎవరు ఊపిరి బిగబట్టారో, ఎవరు పక్కవారిని చూసి చేస్తున్నారో, ఎవరు కాలాన్ని స్వయంగా లెక్కిస్తున్నారో తెలుస్తుంది. ఇక కోలాటంలోని జంటను ఉద్ది అంటారు, నిర్ణీతమైన కదలికల వరుసను కోపు అంటారు. కోపు సాగుతున్నకొద్దీ ఒక్కొక్కరికీ ఎదుటి మనిషి మారిపోతూ ఉండటం వల్ల, ఇష్టమైన స్నేహితుడి పక్కనే నిలబడాలన్న పంతం ఎవరూ మందలించకుండానే కరిగిపోతుంది. ఈ మాట చెప్పేటప్పుడు ఒక చేదు నిజాన్ని దాచకూడదు: ఊళ్ళలోని వలయాలు అన్ని కులాలవారికీ ఎప్పుడూ తెరచి ఉన్నవి కావు, వాడవాడకూ వేరువేరుగా ఆడుకున్న చరిత్ర ఉన్నది. బడిలోని వలయం ఆ పాత హద్దును దాటి ప్రతి చేతినీ ప్రతి చేతితో కలిపినప్పుడే అది ప్రభుత్వ పాఠశాల వలయమవుతుంది, కాబట్టి ఉద్దులు ఎలా మారాలన్నది ప్రణాళికలో ముందే రాసిపెట్టుకోవలసిన విషయం.

ఒక పీరియడులో ఒకే ఒక కదలిక భావాన్ని తీసుకోవడం ప్రణాళికకు ప్రాణం. ఈ పద్ధతికి పాశ్చాత్య దేశాలలో పునాది వేసినవారిలో రుడాల్ఫ్ లాబన్ ముఖ్యుడు. ఆయన 1948లో ఇంగ్లండ్ పాఠశాలల కోసం రాసిన పుస్తకంలో పిల్లలకు తయారైన నృత్యాలను నేర్పడానికి బదులు పదహారు కదలిక అంశాలను సూచించాడు, ప్రతి కదలికనూ బరువు, స్థలం, కాలం, ప్రవాహం అనే నాలుగు కోణాల నుంచి చూడమన్నాడు. అడుగు బరువుగా పడిందా తేలికగా పడిందా, తిన్నగా వెళ్ళిందా వంకర తిరిగిందా, ఉన్నట్టుండి జరిగిందా నెమ్మదిగా సాగిందా, పట్టి ఉంచినట్టు ఉన్నదా వదిలేసినట్టు ఉన్నదా అన్నవి ఆ నాలుగు ప్రశ్నల సారం. ఈ పరిభాషను పిల్లలకు చెప్పనక్కరలేదు, ఎందుకంటే తెలుగులో అంతకంటే సూక్ష్మమైన సామగ్రి వారి నోటనే ఉంది. గిరగిర తిరగడం, జరజర పాకడం, గునగున నడవడం, చెంగుచెంగున గెంతడం, తూలితూలి పడటం, గడగడ వణకడం: ఒక్కొక్క జంటపదంలోనూ బరువు, వేగం, దారి అన్నీ కలిసే ఉన్నాయి. ఉపాధ్యాయుడు తాను చేసి చూపకుండా ఈ మాటను మాత్రమే పలికితే ముప్ఫైమంది ముప్ఫై విధాలుగా చేస్తారు, ఎవరిదీ తప్పు కాదు. తాను చేసి చూపితే ముప్ఫైమందీ ఆయననే అనుకరిస్తారు. గోండి, కోయ, సవర మాట్లాడే పిల్లలున్న బడులలో ఈ మాటలను ఆ పిల్లలనే అడిగి తెలుసుకొని వాడటం పాఠానికి మరింత బలం.

మూడవ తరగతికి మొదటి పాఠంగా ‘ఆగడం’ అన్న భావాన్ని తీసుకొని చూడవచ్చు. బల్లలు గోడవారగా జరిపిన గదిలో గాని, ఎండ తగలని వరండాలో గాని, పిల్లలు ఒకరికొకరు తగలకుండా నడుస్తూ ఉంటారు. డప్పు లేకపోతే బల్ల మీద కర్రతో వేసే దరువు చాలు. దరువు ఆగిన చోట శరీరం ఆగాలి. ఇది ఆటలాగే కనిపిస్తుంది గాని, ఈ ఒక్క నియమంలో వినడం, నిలదొక్కుకోవడం, పక్కవారి చోటును గుర్తించడం మూడూ ఇమిడి ఉన్నాయి, పైగా తరువాతి ఏడాదంతా గొంతు చించుకోకుండా తరగతిని నడపడానికి ఉపాధ్యాయుడికి అదే ఆధారం. ఆగడం కుదిరిన తరువాత, ఒకసారి నేలకు దగ్గరగా, ఒకసారి నడుమెత్తున, ఒకసారి వీలైనంత ఎత్తులో ఆగమంటారు; ఆ తరువాత జంటలుగా విడదీసి, ఒకరు ఏర్పరచిన ఆకారపు సందులలోంచి తగలకుండా మరొకరిని దూరి వెళ్ళమంటారు. చివరి పన్నెండు పదిహేను నిమిషాలు పిల్లలవే: నలుగురైదుగురు కలిసి మూడు ఆగడాలు, వాటి మధ్య రెండు కదలికలు ఉండే చిన్న నృత్యాన్ని కూర్చుకుంటారు, ఏది ముందు ఏది వెనుక అన్నది వారే తేల్చుకుంటారు. ఈ వ్యవధిని కోత కోసే ప్రణాళిక ఎంత చక్కగా రాసినా పనికిరాదు. తక్కినవారు చూస్తారు కదా, మరి ప్రేక్షకులు వచ్చినట్టే కదా అన్న సందేహం రావచ్చు. అయితే వారి చేతిలో ఒక ప్రశ్న పెట్టి కూర్చోబెడతారు, ఏ ఆకారం అన్నిటికంటే నేలకు దగ్గరగా ఉన్నది, ఎక్కడ కదలిక ఉన్నట్టుండి ఆగింది అని. మరునిమిషంలో లేచి చేయవలసినవారూ వారే. ఎవరు బాగా చేశారు అన్న ప్రశ్న మాత్రం ఆ గదిలో వినబడకూడదు.

లయకు సంబంధించిన పాఠంలో శరీరం తనంతట తానే కనుగొనే ఒక సంగతి ఉన్నది, దానిని ఏ ఉపాధ్యాయుడూ ముందే చెప్పి పాడుచేయకూడదు. చతురశ్రం, అంటే ‘తకధిమి’ అని పలికే నాలుగు మాత్రల నడక, కాలికొక మాత్రగా వేస్తూ ప్రతి నాలుగింటిలో మొదటి దానిని గట్టిగా తట్టితే, ఆ గట్టి దెబ్బ ఎప్పుడూ ఒకే పాదం మీద పడుతుంది. తిశ్రంలో, అంటే ‘తకిట’ అని పలికే మూడు మాత్రల నడకలో, అది ఒకసారి కుడిపాదం మీద, మరుసారి ఎడమపాదం మీద పడుతుంది. అయిదు మాత్రల ఖండంలోనూ అంతే. తిశ్రంలో నడుస్తున్న తరగతిలో చాలామంది మొదట తడబడి, ఎడమకాలి వంతు వచ్చినప్పుడు ఒక అడుగు మింగివేసి మళ్ళీ కుడికాలితోనే మొదలుపెడతారు. దిద్దకుండా నెమ్మదిగా దరువు కొనసాగిస్తే, సరిసంఖ్యకూ బేసిసంఖ్యకూ ఉన్న తేడా కాళ్ళలోంచి అర్థమవుతుంది. అయిదవ తరగతిలో సగంమంది మూడులో, సగంమంది నాలుగులో నడిస్తే రెండు గట్టి దెబ్బలూ ప్రతి పన్నెండు మాత్రలకొకసారి కలుస్తాయి, ఆ కలయిక వినపడినప్పుడు గదిలో పుట్టే కేరింతలలో కనిష్ఠ సామాన్య గుణిజం ఉన్నది. ఇంత మాత్రాన నృత్యాన్ని లెక్కలకు పరిచారికగా మార్చడం సరికాదు. పాఠ్యాంశాలతో కళలను కలపమన్న విధానాన్ని అక్షరాలా పట్టుకొని, ఆకులు ఆహారం తయారుచేసే తీరుకు అభినయం కూర్చి, దానినే నృత్యపాఠంగా లెక్కవేస్తే అటు విజ్ఞానమూ నేర్పినట్టు కాదు, ఇటు నృత్యమూ నేర్పినట్టు కాదు. తిశ్రపు నడకలో లెక్క నృత్యం లోపలే ఉన్నది, బయటినుంచి తెచ్చి అతికించినది కాదు, ఎంచుకోవడానికి ఇదే గీటురాయి.

ఏడాది పొడవునా పాఠాల వరుసను పిల్లల ఆటల నుంచే అల్లుకోవచ్చు. ఒకటి, రెండు తరగతులలో ఒప్పులకుప్ప తిరగడం, చెమ్మచెక్క ఆడటం తెలిసిన పిల్లలు ఉంటారు, తెలియనివారికి వారే నేర్పుతారు. ఎదురెదురుగా నిలబడి, అరచేతులను ఒకసారి తమలో తాము, ఒకసారి ఎదుటివారితో, ఒకసారి అడ్డంగా మార్చి తట్టుకొనే చెమ్మచెక్కకూ, రెండు కర్రలతో ఆడే కోలాటానికీ నిర్మాణం ఒకటే. అందువల్ల కోలాటాన్ని ముందు అరచేతులతోనే సాధన చేయించి, నాలుగు, అయిదు తరగతులలో కర్రలు చేతికివ్వడం మంచిది. చిన్నతనంలోనే కర్రలిస్తే దృష్టంతా వేళ్ళకు తగలకుండా చూసుకోవడంలోనే పోతుంది. పైనుంచి వేలాడే తాళ్ళను ఆడుతూనే జడగా అల్లి, మళ్ళీ ఆడుతూనే విప్పే జడకోలాటం అయిదవ తరగతి చివరకు సాధ్యమైతే సంతోషం, కాకపోతే నష్టం లేదు. భోజనం అయిన వెంటనే నృత్యపు పీరియడు పెట్టకూడదన్నది చిన్న విషయమే గాని కాలపట్టిక వేసేవారికి తరచు గుర్తుండదు.

సినిమా పాటల గురించి కూడా ఒక మాట చెప్పాలి. వాటి లయ పిల్లల ఒంట్లో ఇప్పటికే ఉన్నది, దానిని కాదని నటించే బడి పిల్లలకు పరాయిదవుతుంది. కాని ఆ కదలికలను కూర్చినది కెమెరా కోణం కోసం, వయసు వచ్చిన శరీరాల కోసం, చాలా చోట్ల చూసేవారి కోరికల కోసం. అటువంటి కదలికను ఏడేళ్ళ బిడ్డచేత చేయించి పెద్దలు ఈలలు వేయడం ఏ విధంగానూ సమర్థించుకోలేనిది. పాట లయను ఉంచుకొని కదలికలను పిల్లలనే కూర్చుకోమంటే సరిపోతుంది.

నృత్యం అనగానే మగపిల్లలు వెనుకంజ వేయడం మరింత ఆశ్చర్యకరమైనది. భామాకలాపం పుట్టిన కూచిపూడిలో శతాబ్దాల తరబడి ఆడినవారంతా పురుషులే, సత్యభామ వేషం కట్టడానికి మగపిల్లలకే తర్ఫీదునిచ్చారు. ఆడపిల్లలు ఆ కళలోకి రావడం 20వ శతాబ్దపు మార్పు. ఆదిలాబాద్ ప్రాంతంలో గుస్సాడీ ఆడే గోండు పురుషులు, ఉత్తరాంధ్రలో తప్పెటగుళ్ళు ఆడేవారు, నాట్యాచార్యుడు నటరాజ రామకృష్ణ పునరుద్ధరించిన వీరనృత్యం పేరిణి, వీటిలో ఏదీ నృత్యం ఆడపిల్లల వ్యవహారమన్న భావానికి చోటివ్వదు. ఆ భావం దేవదాసీల కళ చుట్టూ వలస కాలంలో పేరుకున్న అవమానంతోనూ, 1947లో మద్రాసు ప్రభుత్వం ఆడపిల్లలను ఆలయాలకు అంకితం చేసే సంప్రదాయాన్ని చట్టంతో నిషేధించిన కాలం వరకు సాగిన వాదవివాదాలతోనూ ముడిపడి ఉన్నది. ఆ బరువును మూడో తరగతి పిల్లవాడు మోయనక్కరలేదు.

వలయంలోకి రాని పిల్లలు ప్రతి తరగతిలోనూ ఉంటారు. సిగ్గుతో దూరంగా నిలబడే బిడ్డకు మొదటి వారాలలో దరువు వేసే పని అప్పగిస్తే, చేతులతో మొదలైన లయ కొన్నాళ్ళకు కాళ్ళలోకి దిగుతుంది. నడవలేని బిడ్డ ఉన్న తరగతిలో పాఠాన్ని మొత్తంగా నేల మీద కూర్చొని, నడుముకు పైనున్న శరీరంతో సాగేలా కూర్చడం కష్టమైన పని కాదు. ఆగడం, ఎత్తులు, బరువు, వేగం అన్నీ చేతులలో, మెడలో, వెన్నులో కూడా సాధ్యమే. ఒక బిడ్డ కోసం చేసిన ఈ మార్పు తక్కినవారికి కొత్త పదజాలాన్ని ఇస్తుంది. వినికిడి లేని పిల్లలు చెక్క బల్ల మీద చేయి ఉంచి దరువును అందుకోగలరు.

పిల్లల ప్రగతిని నమోదు చేసేటప్పుడు అందాన్ని కాక మార్పును రాయాలి: జూన్‌లో దరువు ఆగిన రెండడుగుల తరువాత ఆగిన బిడ్డ ఆగస్టులో దరువుతోపాటే ఆగిందా, ఎప్పుడూ ఎదుటివారిని అనుకరించిన బిడ్డ ఒక కదలికను తానే సూచించిందా, వేరే కులపు పిల్లవాడి చేయి పట్టుకోవడానికి తటపటాయించినవాడు ఇప్పుడు పట్టుకుంటున్నాడా. వార్షికోత్సవం వచ్చినప్పుడు, ఊరివారు చూడాలని కోరినప్పుడు, ఆ ఏడాది పిల్లలు కూర్చుకున్న వాటినే, వేదిక ఎక్కకుండా బడి ఆవరణలో వలయంగా ఆడించి, చివరి కోపులో పెద్దలను కూడా లోపలికి పిలవవచ్చు. కోలాటం తెలిసిన ముసలివారు చాలా ఊళ్ళలో ఇంకా ఉన్నారు. వారిని ఆ ఒక్క సాయంత్రానికే పరిమితం చేయకుండా, నెలకు రెండు పీరియడులకు గౌరవ వేతనంతో బడికి పిలిపించే ఏర్పాటు జిల్లా స్థాయిలో జరగాలి. ఆ పీరియడులలో తరగతి ఉపాధ్యాయుడు కూడా కర్రలు పట్టుకొని ఎవరో ఒక బిడ్డకు ఉద్దిగా నిలబడాలి, జిల్లా విద్యా శిక్షణ సంస్థలలో చదివే భావి ఉపాధ్యాయులకు తిశ్రపు నడకలో ఎడమకాలు తడబడే చోటు తమ కాళ్ళతోనే తెలిసేలా కనీసం ఒక సెమిస్టరు సాధన ఉండాలి.